ఉక్కు టోపీలో రెండు వేళ్ల సందు

మిలిటరీ వాళ్ల టోపీలు చూసి నవ్వుకోవడం మీ తరంతో మొదలైంది కాదు. మేమూ నవ్వాం. దిగువమెట్ట దగ్గర మా క్యాంపుకు ఉక్కు టోపీల పెట్టెలు వచ్చిన రోజు, మూత ఊడగొట్టి మొదటిది పైకి తీసినప్పుడు, చుట్టూ చేరిన రెండు వందల మందిలో నవ్వనివాడు మా హవల్దారు ఒక్కడే. అన్నం పళ్లేన్ని బోర్లించి, నడుమ ఒక గిన్నె ఉబ్బెత్తుగా అతికించినట్టు ఉంది అది. చెవులు కప్పదు, మెడ కప్పదు. అంచు మాత్రం చుట్టూ చాచుకుని ఉంటుంది. ఇది నెత్తికా, పొయ్యి మీదికా అని ఎవరో అడిగితే, గంజి వార్చుకోవడానికి సర్కారు వారు దయతో పంపారని నేనే జవాబు చెప్పాను. ఆ రోజుల్లో నాకు చమత్కారం ఎక్కువ. దానికి తగ్గ బుద్ధి కూడా ఉండి ఉంటే ఈ నాలుగు పేజీలు రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

నేనప్పుడు ఆ క్యాంపులో స్టోరు గుమాస్తాను, దుబాసీని కూడా. యుద్ధం రోజులు. మన వైపంతా ఇంకా కర్నూలు జిల్లా, పైన మద్రాసు ప్రభుత్వం. యుద్ధానికి కలప కావాలి. నల్లమలలో కలప ఉంది గాని బయటికి తెచ్చే దారి లేదు. అడ్డంగా ఉన్న కొండను మందు పెట్టి పగలగొట్టి దారి వెయ్యడానికి పటాలం వాళ్లు ఒక దళాన్ని పెట్టారు. వరసగా రెండేళ్లు వానలు ఎగ్గొట్టడంతో కొమరోలు, అర్ధవీడు, పుల్లలచెరువు వైపు నుంచి సేద్యగాళ్లు వచ్చి అందులో చేరారు. పేరుకు సిపాయిలు, చేసేది రాళ్లు కొట్టడం. పైన ఒక తెల్ల కెప్టెను. ఆయన ఇంగ్లీషు వాళ్లకు రాదు, వాళ్ల తెలుగు ఆయనకు రాదు. మార్కాపురంలో పదకొండో తరగతి దాకా చదివిన నేను మధ్యలో నిలబడేవాణ్ణి. ఇటు మాట అటు పోవాలన్నా, అటు మాట ఇటు రావాలన్నా నా నోరే దారి.

హవల్దారు వేలూరు వైపు తమిళుడు. ముందటి యుద్ధంలో ఎక్కడో పరాయి దేశాన కందకాల్లో రెండేళ్లు గడిపి వచ్చినవాడు. ఎడమ చెవి సగమే ఉండేది. ఆ రోజు నవ్వులు ఆగేదాకా ఊరుకుని, టోపీని చేతిలో తిప్పుతూ తనకు వచ్చిన అరవం, హిందుస్తానీ, ఇంగ్లీషు కలిపి అందరికీ చెప్పాడు. కందకంలో ఉన్నవాడికి చావు ఎదురుగా రాదట, నెత్తి మీదినుంచి వస్తుందట. గుండు ఆకాశంలో పేలి ముక్కలుగా రాలుతుంది. అందుకే అంచు అంత వెడల్పు, పడ్డది భుజం అవతలికి జారిపోవాలని నడుమ గుండ్రం. ఇక్కడ గుండ్లు లేకపోయినా, మందు పేల్చిన కొండ కూడా పైనుంచే రాలుస్తుంది. తర్వాత టోపీని వెల్లకిలా తిప్పి లోపల వేళ్లు పెట్టి చూపించాడు. చుట్టూ ఒక తోలు పట్టీ, దానికి రబ్బరు ముక్కలు. ఆ పట్టీ ఉక్కును పుర్రెకు తగలనివ్వకుండా రెండు వేళ్ల ఎడంలో నిలబెడుతుంది. దెబ్బ పడ్డప్పుడు ఉక్కు సొట్టపోవాలి, సొట్టపోవడానికి దానికి చోటు కావాలి, ఆ చోటు లేకపోతే సొట్ట తలలో పడుతుంది అన్నాడు.

పావుగంట చెప్పాడు. నాకు ప్రతి ముక్కా అర్థమైంది. చెప్పేసి ఆయన కెప్టెను దగ్గరికి పోయాక నేను వాళ్లకు చెప్పింది ఇది: "పైనుంచి రాయి పడితే తగలకుండా పెట్టుకోవాలంట. పోగొడితే శిక్ష." అంతే. అన్నం వేళ అయింది, ఆకలిగా ఉంది, పైగా రాళ్లు కొట్టేవాళ్లకు ఇంత వివరం దేనికిలే అనిపించింది.

మర్నాడే తంటా వచ్చింది. కొమరోలు పక్క పల్లె నుంచి వచ్చినవాడు ఒకడు టోపీ తీసుకోనన్నాడు. పాతికేళ్లవాడు, గడ్డపార పడితే ఇద్దరి పని చేసేవాడు, ఎవరితోనూ పేచీ లేనివాడు. నెత్తిన మాత్రం ఆడవాళ్లకు ఉన్నంత జుట్టు, వెనక ముడి వేసుకునేవాడు. అతనికి ఇద్దరు బిడ్డలు పుట్టి పురిట్లోనే పోయారు. మూడోసారి ఆడపిల్ల. రెండో బిడ్డ పోయిన నాడే, ఇక పుట్టే బిడ్డ నిలిచి ఏడాది నిండితే తిరుపతి వచ్చి తల ఇస్తానని మొక్కుకున్నాడు. అందాకా ఆ జుట్టుకు కత్తెర తగలకూడదు, మైల తగలకూడదు. స్టోరు ముందు చేతులు కట్టుకుని నిలబడి నాతో నెమ్మదిగానే చెప్పాడు.

"తోలు నెత్తిన ఎట్ల పెట్టుకోమంటావన్నా? ఇప్పుడిది నా తల కాదు, సామిది. నా బిడ్డ పానం దీని మీదుండాది."

ఆ మాట విన్నాక మిగతావాళ్లకూ పట్టింపు పుట్టింది. కాలికి తొడుక్కునే తోలు నెత్తికెక్కడమేమిటని ఒకరు, ఊళ్లో తెలిస్తే పిల్లనెవరిస్తారని ఒకరు. సాయంత్రానికి సగం టోపీలు స్టోరు ముందుకు తిరిగొచ్చాయి.

నేను చదువుకున్నవాణ్ణి గదా. మా చరిత్ర పాఠంలో ఉండేది, పూర్వం వేలూరు కోటలో సిపాయిల తలపాగాకు తోలు బిళ్ల తగిలిస్తే ఎంత రక్తం పారిందో. తెల్లవాళ్లకు ఇన్నేళ్లయినా బుద్ధి రాలేదు, నాకు మాత్రం వచ్చింది అనుకున్నాను. టోపీ నడినెత్తిన ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని విప్పితే తోలు పట్టీ మొత్తంగా ఊడి వస్తుంది. రెండు రోజులు స్టోరులో కూర్చుని నా చేత్తో అన్నీ ఊడదీశాను. బదులుగా ఎవరి తలగుడ్డ వాళ్లు చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద టోపీ పెట్టుకోమన్నాను. మన వాళ్లకు చుట్టకుదురు కొత్తా? నీళ్ల కడవ నుంచి గడ్డిమోపు దాకా మోసేదంతా దాని మీదే.

మొదట విప్పింది ఆ కొమరోలు అతని టోపీయే. నా ఎదురుగా గొంతుక్కూర్చుని చూశాడు. పట్టీ ఊడి వచ్చాక ఖాళీ టోపీని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. నా మేలు బతికున్నన్నాళ్లు మరిచిపోనన్నాడు. మరిచిపోలేదు కూడా, ఎన్నాళ్లని బతికాడు గనక.

గొణుగుడు ఆగిందా అని కెప్టెను అడిగాడు. ఆగింది సార్ అన్నాను. ఎట్లా ఆగిందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. హవల్దారు ఆ నెలంతా మద్రాసులో మందుగుండు కోసం పడిగాపులు కాస్తున్నాడు. క్యాంపులో నాకు మంచి గుమాస్తా అని పేరొచ్చింది. అర్ధవీడు వైపు పెద్దాయన ఒకడు, దళంలో అందరికంటే వయసైనవాడు, ఊరికి పోయి వచ్చినప్పుడల్లా నాకు వేరుశనక్కాయలు తెచ్చిపెట్టేవాడు. తినేవాణ్ణి.

మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది, దాంతో ఎండలూ వచ్చాయి. ఉక్కు కింద తలగుడ్డ చెమటకు తడిసి, అణిగి, కంపు కొట్టేది. ఒక్కొక్కరే గుడ్డ తీసి మెడ మీద వేసుకుని ఉత్త టోపీ నెత్తిన పెట్టుకోవడం మొదలుపెట్టారు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కొమరోలు అతనైతే నా జుట్టే నాకు చుట్టకుదురని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

హవల్దారు మద్రాసు నుంచి తిరిగి వచ్చిన రోజే ఒక టోపీ ఎత్తి చూశాడు. లోపలిది ఏదని నన్ను అడిగాడు. సంగతి చెప్పాను. ఆ రోజు నేను చెప్పిందంతా వాళ్లకు చెప్పావా అని అడిగాడు. చెప్పానన్నాను. వెంటనే పట్టీలన్నీ తిరిగి బిగించమన్నాడు. సరేనన్నాను. కాని ఏ ముఖంతో బిగించేది? వాళ్ల ఆచారం కాపాడినవాణ్ణని పేరు మోసి, మళ్లీ నేనే తోలు పట్టుకుని ఎదురుపోవాలి. రేపు అనుకున్నాను. మర్నాడు రేపు అనుకున్నాను. అట్లా నాలుగు రోజులు గడిచాయి.

అయిదో రోజు పొద్దున కొండకు మందు పేల్చారు. పొగ తగ్గాక మనుషులు దిగారు. విరిగిన పనిముట్లు రాసుకోవడానికి నేనూ అక్కడే ఉన్నాను. కొమరోలు అతను గడ్డపారతో ఒక బండను కదిలిస్తున్నాడు. పైన ఎక్కడో పట్టు తప్పిన రాయి ఒకటి వచ్చింది. పెద్దది కాదు, కొబ్బరికాయలో సగం ఉంటుంది. టోపీ మీద పడి గంట కొట్టినట్టు మోగి పక్కకు దొర్లిపోయింది. అతను కూలబడ్డాడు. మేమంతా పరుగెత్తేసరికి టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు. బొటనవేలు పట్టేంత సొట్ట. తలకు రక్తం లేదు, గీత లేదు.

"టోపీ మంచిదే అన్నా," అన్నాడు.

నేను నమ్మాను. నమ్మడమే కాదు, కొంచెం గర్వపడ్డాను కూడా. ఈ పూటకు పని చాలించమని చెప్పి స్టోరు పందిరి కింద నీడన కూర్చోబెట్టాను. మజ్జిగ ఇస్తే తాగాడు. బిడ్డ గోడ పట్టుకుని నిలబడుతోందని చెప్పాడు. ఇంకో పది రోజుల్లో ఏడాది నిండుతుందని, అందరూ కలిసి రైలెక్కి తిరుపతి పోతామని, నన్నూ రమ్మని అన్నాడు. వస్తానన్నాను. కాసేపటికి మళ్లీ అదే అడిగాడు, నువ్వొస్తావా అన్నా అని. వస్తానన్నాగా అన్నాను. మూడోసారి అడిగినప్పుడు మాట ముద్దగా వచ్చింది. తాగిన మజ్జిగంతా కక్కాడు. నిద్రొస్తోందని పక్కకు ఒరిగి గురక పెట్టాడు. ఎండదెబ్బ అనుకుని మొహాన నీళ్లు చల్లాను.

హవల్దారు వచ్చి అతని కనురెప్పలు ఎత్తి చూశాడు. తర్వాత టోపీ తీసుకుని లోపల వేళ్లు పెట్టి తడిమి, నా వైపు చూశాడు. బండి కట్టించమని మాత్రం అన్నాడు. గిద్దలూరు ఆస్పత్రికి తీసుకుపోదామని బండిలో పడుకోబెట్టాం. తల నా ఒళ్లో ఉంది. ఊరు ఇంకా కనపడకముందే గురక ఆగిపోయింది.

నాలుగు రోజులకు విచారణ జరిగింది. డేరా కింద బల్ల వేసుకుని కెప్టెను కూర్చున్నాడు. ఒక పక్క హవల్దారు, ఒక పక్క నేను. ముగ్గురు సాక్షులు. టోపీల్లో పట్టీలు ఎవరు తీశారని కెప్టెను అడిగాడు. నేను తెలుగులో అడిగాను. ముందుగా అర్ధవీడు పెద్దాయన చెప్పాడు. నాకు మేలు చేస్తున్నాననే అనుకుని గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాడు.

"మా గుమాస్తా అయ్యే తీసినాడు దొరా. మా ఆచారం చెడకుండా కాపాడినాడు. ఇట్లాంటి మనిషి మాకు దొరకడు."

మిగతా ఇద్దరూ అదే అన్నారు. ఒకడు నాకు దండం కూడా పెట్టాడు. ఏమంటున్నారని కెప్టెను నా వైపు తిరిగాడు.

పట్టీలు వాళ్లే తీసుకున్నారట సార్ అన్నాను. తోలు తగలకూడదని తీసి, స్టోరుకు తెలియకుండా దాచారట అన్నాను. ఇంగ్లీషులో నాకు అంత వేగంగా మాటలు ఎప్పుడూ తట్టలేదు. కెప్టెను రాసుకున్నాడు. సాక్షులు ముగ్గురూ నా మాటలకు తలలూపారు, వాళ్ల మంచి మాటలే నేను అటు చేరవేశాననుకుని. హవల్దారుకు తెలుగు మాట్లాడటం రాదు గాని అర్థమవుతుంది. ఆయన నోరు విప్పితే నా పని అయిపోయినట్టే. ఆయన డేరా గుడ్డను చూస్తూ నిలబడ్డాడు.

బయటికొచ్చాక ఎందుకు ఊరుకున్నావని నేను అడగలేదు. తనంతట తనే చెప్పాడు. ముందటి యుద్ధంలో తన కళ్ల ముందు పోయిన వాళ్లందరివీ ఇట్లాగే రాశారట, చచ్చినవాడిదే తప్పని. చచ్చినవాడు కాదనడు గదా అన్నాడు. బతికించలేనప్పుడు నిన్నొకణ్ణి చంపి ఏం లాభమన్నాడు. ఆ మాటలో దయ ఉందా, అసహ్యం ఉందా అని నలభై ఏళ్లుగా ఆలోచిస్తున్నాను.

ఆజ్ఞ మీరి తన చావు తనే తెచ్చుకున్నాడని కాగితం వచ్చింది. పనిలో చనిపోయిన సిపాయి ఇంటికి అందేది ఏదీ వాళ్లింటికి అందదని దాని అర్థం. పట్టీలు దాచినందుకు దళం మొత్తానికి ఆ వేసవి సెలవులు రద్దు చేశారు. ఇది అన్యాయమని వాళ్లంతా నా దగ్గరికే వచ్చి అర్జీ రాసిపెట్టమన్నారు. రాసిపెట్టాను. మంచి ఇంగ్లీషులోనే రాశాను.

ఆ తర్వాతి వారం హవల్దారు అందరినీ కూర్చోబెట్టాడు. వంటశాల నుంచి రెండు మట్టి ముంతలు తెప్పించాడు. పట్టీ ఉన్న టోపీని ఒక ముంత మీద బోర్లించి, గట్టు మీదినుంచి రాయి వదిలాడు. టోపీ సొట్టపడింది, ముంత నిలిచింది. పట్టీ తీసి రెండో ముంత మీద పెట్టి అదే రాయి వదిలాడు. టోపీ ఎత్తితే పెంకులు. నన్ను చెప్పమన్నాడు. ఈసారి పావుగంటా చెప్పాను, ఒక్క ముక్క విడవకుండా. రెండు వేళ్ల సందు సంగతి, సొట్టకు కావలసిన చోటు సంగతి. చివరికి అర్ధవీడు పెద్దాయన లేచి పెంకులు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదా సంగతి," అన్నాడు. "ఈ మాట ఆ పొద్దే చెప్పింటే, తోలు మీద గుడ్డ చుట్టుకుని పెట్టుకుందుము గదా. దానికేంది, తోలూ తగలదు, సందూ ఉంటాది."

చదువురాని మనిషికి లేచి నిలబడేంతసేపట్లో తట్టింది అది. చుట్టకుదురు ఉపాయం చెప్పిన నాకు నెలన్నరలో తట్టలేదు. ఆయన ఆ మాట నన్ను ఉద్దేశించి అనలేదు. అరవాయన ఆ రోజు సరిగా చెప్పలేదేమో అనుకున్నాడు. మర్నాడే అందరూ తలగుడ్డలు చింపి పట్టీల మీద చుట్టి కుట్టుకున్నారు. దారి పూర్తయ్యేదాకా ఇంకొకరి తలకు దెబ్బ తగల్లేదు. మీలో ఎవరైనా రేపు ఏ పనిలోనో దుబాసీగా నిలబడితే, అవతలివాడి అన్నం వేళ దాటినా సరే, మొత్తం చెప్పండి. ఇంతకంటే మీకు చెప్పగల నీతి నా దగ్గర లేదు.

పన్నెండో దినం కూడా అయిపోయాక అతని తండ్రి వచ్చాడు, కొడుకు పెట్టె తీసుకుపోవడానికి. కర్మ చేసిన గుండు ఇంకా నున్నగానే ఉంది. పెట్టె నేనే తెచ్చి ముందు పెట్టాను. దాన్ని తెరవలేదు. గుమాస్తా అయ్యవు నువ్వేనా అని అడిగాడు. అవునన్నాను. దళంలో అందరూ ముంతల సంగతి చెప్పారని, దండోరా వేసినట్టు చెప్పారని అన్నాడు. ఎట్లాగూ తెలిసింది, ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను.

"తోలుంటే బతికేవాడని అంటుండారు," అన్నాడు ఆయన. "బతికేవాడేమో. కానీ మావాడు శివరాత్రికి వచ్చినప్పుడు చెప్పినాడు నాయనా, మొక్కు తలకు మైల తగలకుండా నువ్వే నీ చేత్తో తోలు తీసిపెట్టినావని. వాడు పోయినాడు గాని మొక్కు చెడలా. అందుకే పాప నిలిచింది. మొన్న ఏడాది నిండింది. నా జుట్టు పెరిగినాక వాడి బదులు నేను పోయి తల ఇచ్చొస్తా."

నేను తెరిచిన నోరు మూశాను. నిజం చెబితే ఆయన దగ్గర మిగిలిన ఆ ఒక్క ఊరటా పోతుందని ఊరుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. భయపడి ఊరుకున్నాను.

పెట్టె భుజాన ఎత్తుకున్నాడు. పోతూ పోతూ ఆగి, రెండో చెయ్యి నా నెత్తిన పెట్టి, నిండు నూరేళ్లు చల్లగా బతకమని దీవించాడు. ఆ దీవెన ఫలించేట్టే ఉంది. విచారణ రోజు ఆ డేరా చుట్టూ ఉన్న మనుషుల్లో ఇప్పుడు బతికి ఉన్నది నేనొక్కణ్ణే.